డ్రిల్లు పీరియడు ఎవరి కోసం?

సందేహాలు – సమాధానాలు

ఐర్లండ్‌లో పోర్ట్‌లీష్ అనే ఊళ్ళోని తెలుగు కుటుంబాల నుంచి బడిలో వ్యాయామ విద్య (పీఈ) గురించి వచ్చిన ఉత్తరాలివి. కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇరవై ఆరేళ్ళు పీఈటీగా పనిచేసి, ఇప్పుడు కూతురి దగ్గర పోర్ట్‌లీష్‌లో ఉంటున్న మాస్టారు సమాధానాలిస్తున్నారు. రాసినవారి పేర్లు వేయడం లేదు.

మాస్టారూ, మా అమ్మాయి థర్డ్ ఇయర్. జూన్‌లో జూనియర్ సైకిల్ పరీక్షలు. పీఈ పీరియడ్లలో అలిసిపోయి ఇంటికొచ్చి పుస్తకం ముట్టడం లేదు. మోకాలి నొప్పి అని చీటీ రాసిస్తే ఆ గంట లైబ్రరీలో కూర్చుని లెక్కలు చేసుకుంటుంది కదా అని నేను. వద్దని మావారు. ఎవరిది తప్పు?
– ఒక తల్లి, పోర్ట్‌లీష్

మీవారి మాట వినండమ్మా. లేని నొప్పి ఉందని అమ్మ చేత్తో రాసిచ్చిన చీటీ పిల్లకి లెక్కల కన్నా ముందు ఇంకో విద్య నేర్పుతుంది. అది మీకూ ఇష్టం ఉండదు.

ఇక చదువు సంగతి. ఇక్కడ జూనియర్ సైకిల్‌లో, అంటే హైస్కూలు మొదటి మూడేళ్ళలో, పీఈ ఖాళీ సమయం నింపడానికి పెట్టింది కాదు. 2017లో మొదలైన వెల్‌బీయింగ్ కార్యక్రమంలో అదొక భాగం. ఆ మూడేళ్ళలో పీఈకి 135 గంటలు కేటాయించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ గంటల వల్ల మార్కులు తగ్గుతాయా అన్న ప్రశ్న మీకొక్కరికే వచ్చింది కాదు. కెనడాలోని క్విబెక్‌లో, ట్రోయ్ రివియేర్ అనే ఊళ్ళో, 1970లలో ప్రాథమిక బడి పిల్లల మీద దీన్నే పరీక్షించి చూశారు. వారానికి ఐదు గంటల వ్యాయామ విద్య అదనంగా పెట్టారు. ఆ మేరకు మిగతా చదువు సమయం కోసేశారు. అయినా మార్కులు పడిపోలేదు. పై తరగతులకొచ్చేసరికి ఆ పిల్లలే కాస్త ముందున్నారు. 2010లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అప్పటిదాకా వచ్చిన 50 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూసింది. వాటిలో వ్యాయామానికీ చదువుకీ మధ్య లెక్కకట్టిన సంబంధాల్లో సగం మేలు చూపించాయి, దాదాపు మిగతా సగం ఏ తేడా చూపించలేదు. కీడు చూపించినవి నూటికి ఒకటిన్నర.

ఇంత తెలిసినట్టు రాస్తున్నాను గానీ, ఈ పాపం నేనూ చేశాను. డిసెంబరు దాటితే మా బడిలో పదో తరగతి డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారిదే. ఆయన అడిగేవారూ కాదు, నేను కాదనేవాణ్ణీ కాదు. విజిలు జేబులో వేసుకుని స్టాఫ్ రూములో టీ తాగేవాణ్ణి. నా పీరియడుకి నేనే విలువివ్వకపోతే పిల్లలేం ఇస్తారు?

మీ అమ్మాయి అలిసిపోయి వస్తోందంటే ముందు నిద్ర ఎంతో చూడండి. ఫోను ఏ గదిలో పడుకుంటోందో చూడండి. ఆ రోజు ఏం తిని వెళుతోందో అడగండి. ఇంటికి రాగానే ఏదైనా పెట్టి, అరగంట వదిలేసి, అప్పుడు పుస్తకం తీయమనండి. నిజంగా మోకాలు నొప్పైతే డాక్టరుకి చూపించి, ఆయన చెప్పింది టీచరుకి రాయండి. ఆ పూట పరుగు మాన్పించి వేరే పని ఇస్తారు.

అయ్యా, మా మనవడు మీ ఊళ్ళోనే ఫిఫ్త్ క్లాసు. వీడియో కాల్ చేసినప్పుడల్లా ట్రాక్‌సూట్‌లోనే కనిపిస్తాడు. ఇక్కడ వాడి ఈడు పిల్లలు ఐఐటీ ఫౌండేషన్‌లో ఉన్నారు. వాడు వెనకబడిపోడా?
– ఒక తాతగారు, గుంటూరు

తాతగారూ, ఆ ట్రాక్‌సూట్ చూసి బెంగపడకండి. ఇక్కడి ప్రైమరీ బడుల్లో పీఈ ఉన్న రోజు యూనిఫాం బదులు ట్రాక్‌సూట్‌లోనే పంపిస్తారు. ఐర్లండ్ 1999 పాఠ్యప్రణాళిక దీనికి వారానికి కనీసం ఒక గంట పెట్టింది. అథ్లెటిక్స్, డాన్సు, జిమ్నాస్టిక్స్, ఆటలు, ఆరుబయట సాహసాలు, ఈత – ఆరు అంశాలు. వారానికి గంటంటే నిజానికి తక్కువ. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు సగటున రోజుకి అరవై నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి మీ మనవడు ఎక్కువ ఆడేస్తున్నాడన్న భయం అక్కర్లేదు.

మన దగ్గరా చట్టం బాగానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకి పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలనీ అంది. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో నడిచే బడికి ఆటస్థలం ఎక్కడుందో మీ వీధి చివర నిలబడి మీరే చూడండి.

ఇంకో మాట. కోడి రామమూర్తి నాయుడు గారిని మీరు బలాఢ్యుడిగానే విని ఉంటారు, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని. వీరఘట్టం నుంచి వచ్చిన ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, సర్కసుకి ముందు విజయనగరం బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకం తెచ్చిపెట్టిన కోచ్ రహీమ్ సాహెబ్ హైదరాబాద్‌లో బడిపంతులే. మనకి ఈ విద్య కొత్త కాదు. మధ్యలో ఎక్కడో పక్కన పడేశాం, అంతే.

మా బాబుకి ఎనిమిదేళ్ళు. బళ్ళో హర్లింగ్ నేర్పుతున్నారట, క్లబ్బులో చేర్పించమంటున్నాడు. యూట్యూబులో చూశాను. కర్రలు గాల్లో తిరుగుతున్నాయి. క్రికెట్ ఆడుకో నాయనా అంటే ఏడుస్తున్నాడు.
– ఒక తండ్రి, పోర్ట్‌లీష్

మీరు చూసింది పెద్దవాళ్ళ ఆట. కర్రాబిళ్ళ చూసి పెరిగిన మనకి హర్లింగ్ అంత దూరపుదేం కాదు. బిళ్ళ బదులు స్లిటర్ అనే బంతి, చేతిలో యాష్ చెక్కతో చేసిన కర్ర. బంతి నేల మీద కొట్టొచ్చు, గాల్లో కొట్టొచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరిగెత్తొచ్చు. గోలుకి మూడు పాయింట్లు, అడ్డపట్టీ పైనుంచి పోతే ఒకటి. 2018లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన కౌంటీ లీష్ 1915లో ఆలిండియా స్థాయి అనదగ్గ ఆలైర్లండ్ టైటిల్ గెలిచింది. ఊళ్ళో ఓ'మోర్ పార్క్ దగ్గర మ్యాచ్ రోజున నీలం తెలుపు జెర్సీలతో వచ్చే జనాన్ని చూస్తే ఆటంటే వీళ్ళకి ఎంత ప్రాణమో తెలుస్తుంది.

భయం సంగతి చెబుతాను. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ 2010 నుంచి అన్ని స్థాయిల్లోనూ తప్పనిసరి. చిన్నపిల్లలకి మెత్తటి బంతితో మొదలుపెడతారు. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి గో గేమ్స్ అనే పద్ధతి ఉంది. చిన్న మైదానం, చిన్న జట్లు. వచ్చిన ప్రతి పిల్లాడూ ఆట మొత్తం ఆడాల్సిందే, బెంచీ మీద కూర్చోబెట్టడం లేదు. నాకు ఈ దేశంలో బాగా నచ్చినవాటిలో ఇదొకటి.

కర్ర మీకు తగ్గది కొనకండి! నిలబెడితే వాడి తుంటి దాకా వస్తే చాలు. పొడుగైతే మణికట్టు తిరగదు. హెల్మెట్ వదులుగా ఉండకూడదు, పెరిగాక పనికొస్తుందని పెద్ద సైజు తీసుకోవద్దు. తలకి దెబ్బ తగిలిందనిపిస్తే ఆ పూట ఆట ఆపించండి, డాక్టరుకి చూపించండి. బాగానే ఉన్నానని వాడన్నా సరే. వాడికి చెల్లెలుండి, తనకీ ఆడాలనుంటే కామొగీ ఉంది. అమ్మాయిల హర్లింగే, 1904 నుంచి ఉంది. క్రికెట్టూ మానక్కర్లేదు. బంతిని చూసే కన్ను రెంటికీ ఒకటే.

మా అబ్బాయి లీవింగ్ సర్ట్‌కి పీఈ సబ్జెక్టుగా తీసుకుంటానంటున్నాడు. మా స్నేహితులు నవ్వుతున్నారు. కాలేజీ సీటుకి అది పనికొస్తుందా?
– ఒక తండ్రి, పోర్ట్‌లీష్

నవ్వేవాళ్ళకి ఆ పేపరు ఒకసారి చూపించండి. సీనియర్ సైకిల్‌లో, అంటే హైస్కూలు చివరి ఏళ్ళలో, పీఈ రెండు రకాలని ముందు తెలుసుకోండి. ఒకటి అందరికీ ఉండే మామూలు పీఈ, దానికి పరీక్ష లేదు. రెండోది హైస్కూలు చివర రాసే లీవింగ్ సర్ట్ పరీక్షలో సబ్జెక్టు. 2018లో 64 బడుల్లో మొదలుపెట్టారు, 2020 నుంచి మిగతా బడులకూ తెరిచారు. మీ బడిలో ఉందో లేదో కనుక్కోండి.

మార్కుల పంపకం ఇలా ఉంటుంది. రాతపరీక్షకి 50 శాతం, ఆటలో పిల్లాడి ప్రదర్శనకి 30 శాతం, తను ఎంచుకున్న ఆటలో తన లోపమేంటో తేల్చుకుని, సాధన ప్రణాళిక వేసుకుని, అమలు చేసి రాసే ప్రాజెక్టుకి 20 శాతం. రాతలో కండరాలు, శిక్షణ సూత్రాలు, ఆటగాడి మనసు, డోపింగ్, ఆటల్లో ఆడామగా తేడా, మీడియా – ఇవన్నీ వస్తాయి. ప్రదర్శనను వీడియో తీసి పంపాలి. ఆటలో ఘనుడై, రాయడానికి బద్ధకించేవాడికి సగం మార్కులు అక్కడే పోతాయి.

కాలేజీ సీటుకి లెక్కపెట్టే పాయింట్లలో తేడా లేదు. హయ్యర్ లెవెల్ పేపరులో అన్నిటికన్నా పై గ్రేడు హెచ్1 వస్తే కెమిస్ట్రీకైనా పీఈకైనా నూరే. కానీ ఇంజినీరింగో మెడిసినో అనుకుంటుంటే ఆ కోర్సు అడిగే సబ్జెక్టులు ముందు పెట్టుకుని, మిగిలిన చోట పీఈ పెట్టుకోమనండి. పీఈ టీచరో, ఫిజియోథెరపిస్టో కావాలనుంటే మనసుకీ మార్కులకీ పొత్తు కుదిరినట్టే. పీఈ టీచర్లను తయారుచేసే లిమరిక్ విశ్వవిద్యాలయం ఇక్కణ్ణుంచి పెద్ద దూరం కాదు. "తేలిక సబ్జెక్టు" అని తీసుకుంటే మాత్రం వద్దని చెప్పండి.

బడివాళ్ళు ఈతకి తీసుకెళుతున్నారు. పాపకి నీళ్ళంటే భయం, నాకు స్విమ్ సూట్ అంటే ఇబ్బంది. జలుబు చేస్తుందని అత్తయ్యగారి గొడవ. మాన్పించొచ్చా?
– ఒక తల్లి, పోర్ట్‌లీష్

మాన్పించకండమ్మా. మిగతా అంశాలన్నీ ఆరోగ్యం కోసం, ఈత ప్రాణం కోసం. ఈ దేశమంతా నీళ్ళే. స్లీవ్ బ్లూమ్ కొండల్లో పుట్టిన బ్యారో నది మన జిల్లా అంచునే పోతుంది. కాలువలు, చెరువులు, వేసవిలో సముద్రం. స్నేహితులతో వెళ్ళిన పిల్ల ఒడ్డున నిలబడదు. కృష్ణా తీరంలో పుట్టి, ఈత రాక పుష్కరాల్లో మెడలోతు నీళ్ళకే వణికిన పెద్దవాళ్ళను నేను చూశాను.

భయపడే పిల్లని ఒక్కసారిగా లోతుకి తోసేయరు. ముఖం తడపడం, నీళ్ళల్లో ఊపిరి వదలడం, వెల్లకిలా తేలడం, ఆ తర్వాతే చేతులూ కాళ్ళూ. ఇంట్లో బకెట్లో ముఖం పెట్టి బుడగలు వదలడం ఆటగా ఆడించండి. బట్టలకి దారుంది. పొడుగు చేతుల రాష్‌వెస్టు, మోకాళ్ళ దాకా వచ్చే ఈత లెగ్గింగ్సు దొరుకుతాయి. ఈతకొలను నియమాలకి సరిపోతాయేమో ముందే అడగండి. పొడుగు జుట్టుకి జడ అల్లి టోపీ పెట్టండి, ఆ రోజు తలకి నూనె వద్దు. జలుబు నీళ్ళ వల్ల రాదు, వైరస్ వల్ల వస్తుంది. అయినా తల ఆరకుండా గాలిలోకి పంపితే పిల్లకి వణుకు, అత్తయ్యగారికి మాట. సంచిలో రెండో తువ్వాలు, ఒక ఉన్ని టోపీ పెట్టండి. ఇద్దరికీ పనికొస్తాయి.

డిసెంబరులో నాలుగుంబావుకే చీకటి. వాన. బాబుకి ఉబ్బసం. చలికాలం పీఈ వద్దని చెప్పనా?
– ఒక తల్లి, పోర్ట్‌లీష్

ఉబ్బసం అదుపులో ఉన్న పిల్లలు ఆడొచ్చు, ఆడాలి కూడా. పరిగెత్తినప్పుడల్లా ఆయాసం వస్తోందంటే ఉబ్బసం అదుపులో లేదన్న మాట. ఆట మాన్పించే ముందు మందు సరిచూడమని జీపీని, అంటే మీ ఫ్యామిలీ డాక్టరుని, అడగండి. ఆటకి ముందు ఇన్‌హేలర్ పీల్చాలో వద్దో, ఎంతసేపు ముందో కూడా అక్కడే రాయించుకోండి. ఒక ఇన్‌హేలర్ బడిలో ఉండాలి, ఎక్కడుందో బాబుకీ టీచరుకీ తెలిసి ఉండాలి. చల్లగాలిలో ముక్కూ నోరూ కప్పేలా పల్చటి స్కార్ఫు కట్టండి. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా ఒళ్ళు వేడెక్కనివ్వాలి. వాన పడితే ఇక్కడ హాల్లో ఆడిస్తారు. వాన ఆగాక ఆడదాం అనుకుంటే ఈ ఊళ్ళో ఏడాదికెన్ని పీరియడ్లు మిగులుతాయో మీకూ తెలుసు!

చలికాలం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ కాలపు ఎండలో ఇక్కడ విటమిన్ డి తయారు కాదు, సూర్యుడు అంత పైకి రాడు. మన ఒంటి చాయకి అదింకా కష్టం. ఏ మోతాదు వేయాలో ఫార్మసీలోనో జీపీనో అడిగి తెలుసుకోండి.

ఒక్క ముక్కలో

*శాకాహారులం. ఆటలాడే పిల్లకి ప్రొటీన్ పౌడర్ కావాలా?*
అక్కర్లేదు. పప్పు, పెరుగు, పాలు, పల్లీలు, శనగలు పూటపూటకీ ఉంటే చాలు. లంచ్ బాక్సులో ఉట్టి జామ్ బ్రెడ్డే పెడుతుంటే అది మార్చండి.

*ఇంట్లో రోజూ సూర్యనమస్కారాలు చేయిస్తాం. బడిలో పీఈ మానేస్తే?*
నమస్కారాలు మానొద్దు, పీఈ కూడా మానొద్దు. బంతి తప్పిపోతే పక్కవాడు తిట్టకుండా మళ్ళీ అందివ్వడం చాప మీద నేర్చుకునే విద్య కాదు.

*కళ్ళజోడు రాకుండా ఆటలు కాపాడతాయా?*
కాపాడేది ఆట కన్నా ఆరుబయటి వెలుగు. చైనాలో గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ 40 నిమిషాలు అదనంగా బయటికి పంపి మూడేళ్ళు చూశారు. దగ్గరిచూపు లోపం వాళ్ళల్లో 30.4 శాతం మందికి వస్తే, పంపని పిల్లల్లో 39.5 శాతం మందికి వచ్చింది. పూర్తిగా ఆగదు, తగ్గుతుంది.

అంకుల్, నాకు పదమూడేళ్ళు. అమ్మ ఈ ఉత్తరం తెలుగులో రాసిపెట్టింది. జట్లు వేసేటప్పుడు చివర్న మిగిలేది నేనే. పరిగెత్తితే అందరూ చూస్తారు. నెలసరి రోజుల్లో ఇంకా కష్టం. ఆటలు రాని వాళ్ళకి పీఈ ఎందుకు?
– ఒక అమ్మాయి, పోర్ట్‌లీష్

చిట్టితల్లీ, నీ ప్రశ్న కోసమే ఇన్ని ఉత్తరాలూ ఆగాయేమో.

మా బడిలో ఒక బొద్దు పిల్లాడు ఉండేవాడు. కబడ్డీలో ఏ జట్టూ తీసుకునేది కాదు. జట్లు వేసే పని ఇద్దరు కెప్టెన్లకి వదిలేసేవాణ్ణి. చివర్న వీడు మిగిలేవాడు. పోనీలే అని చేతికి సుద్దముక్క ఇచ్చి స్కోరు రాయమనేవాణ్ణి. ఐదేళ్ళు రాశాడు. ఒక్క తప్పు లేదు. నేను వాడికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. రెండేళ్ళ కిందట ఫోను చేశాడు. ఇప్పుడు వాడికి నలభై దగ్గర. షుగరొచ్చింది, డాక్టరు రోజూ చెమట పట్టేలా నడవమన్నాడు. "ఎలా మొదలెట్టాలో తెలీట్లేదు మాస్టారూ, పార్కుకెళ్తే అందరూ చూస్తారేమోనని సిగ్గుగా ఉంది" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. కబడ్డీ బాగా ఆడినవాళ్ళు నేను లేకపోయినా ఆడేవాళ్ళు. వాళ్ళకి గ్రౌండు చాలు. పీరియడు అవసరమైంది వాడికి. వాడి పీరియడే నేను తినేశాను.

అందుకే చెబుతున్నాను, ఆట రాని పిల్లకే పీఈ. లెక్కలు రానివాళ్ళకి లెక్కల క్లాసు ఎందుకని ఎవరూ అడగరు కదా?

సిగ్గుపడేది నువ్వొక్కదానివే అనుకోకు. 2016 నాటి లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా 11 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 85 మంది, అబ్బాయిల్లో 78 మంది చాలినంత కదలడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. ఐర్లండ్‌లో 2018లో చేసిన సర్వేలో హైస్కూలు పిల్లల్లో రోజుకి గంట కదిలేవాళ్ళు నూటికి పదిమందే. నీ తరగతిలో నిన్ను చూస్తున్నారనుకుంటున్న వాళ్ళల్లో చాలామంది వాళ్ళని ఎవరు చూస్తున్నారో అనే భయంలో ఉన్నారు.

ఇప్పుడు చేయాల్సింది. అమ్మతో కలిసి పీఈ టీచరుకి ఒక చిన్న ఉత్తరం రాయి. ఒకటి, జట్లు పిల్లల చేత ఎంపిక చేయించకుండా టీచరే వేయమని అడుగు. అడగొచ్చు, తప్పు లేదు. రెండు, ఎక్కువమంది ఒకే బంతి వెంట పడే ఆట కన్నా ముగ్గురు నలుగురు కలిసి ఆడేవి కొన్ని పెట్టమని అడుగు. మూడు, షార్ట్స్ ఇబ్బందైతే పొడుగు ట్రాక్ ప్యాంటు వేసుకుంటానని చెప్పు. నెలసరి రోజున ఒంట్లో బాగుంటే మామూలుగా ఆడు, కొంతమందికి కదిలితేనే నొప్పి తగ్గుతుంది. బాగా నొప్పిగా ఉంటే ఆ మాటే సూటిగా చెప్పు, తలనొప్పి అని చెప్పక్కర్లేదు. ప్రతి నెలా మంచం పట్టేంత నొప్పైతే అమ్మతో డాక్టరు దగ్గరికి వెళ్ళు.

సాయంత్రం ఇంటి వెనక గోడకి బంతి కొట్టి పట్టుకో. మొదటి రోజు పది. ఎవరూ చూడరు. పట్టుకున్నవి లెక్కపెట్టు, జారినవి వద్దు.

రెండు వారాలయ్యాక నాకు మళ్ళీ రాయి. జట్టులో ఎన్నోదానిగా పిలిచారో రాయక్కర్లేదు. బంతి ఎన్నిసార్లు నీ చేతికొచ్చిందో రాయి. ఈసారి స్కోరు నేను రాసుకుంటాను.